నడిమి మంచం

నా చిన్నప్పుడు మా స్కూలు వ్యానులోకి ఎవరైనా చాక్లెట్ల డబ్బా పట్టుకుని ఎక్కితే పిల్లలందరం నోళ్లు మూసుకునేవాళ్లం. చాక్లెట్లు ఇష్టం లేక కాదు. ఆ పిల్ల రేపటి నుంచి వ్యాను ఎక్కదని ఆ డబ్బాకు అర్థం. సౌదీలో, మేముండే ఖమీస్ ముషైత్‌లో, అప్పట్లో అదొక ఆనవాయితీ అయిపోయింది. ఇంట్లోవాళ్లకు ఎగ్జిట్, అంటే దేశం వదిలి సొంతూరికి పోవడం, ఖాయమైతే ఆ పిల్ల ఆఖరి రోజున వ్యానులో అందరికీ చాక్లెట్లు పంచేది, మేం తీసుకుని మళ్లీ కలుద్దాం అనేవాళ్లం. కొన్ని వారాల్లో ఇద్దరు ముగ్గురు కూడా పంచేవాళ్లు. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, ఒక చిన్న పాప పుట్టినరోజున వాళ్లమ్మ మెట్లు దిగి వచ్చి, ఇది బర్త్‌డే కోసమే, మేమెక్కడికీ పోవడం లేదు అని వ్యాను కిటికీలోంచి అందరికీ చెప్పి వెళ్లింది. అప్పుడుగానీ మేం ఆ చాక్లెట్లు తినలేదు.

మా సొంతూరు జగిత్యాల పక్కన. నాన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ పనుల సూపర్‌వైజరు. నాకు ఊహ తెలిసేసరికే మేం ఖమీస్‌లో ఉన్నాం. సౌదీ అనగానే మనవాళ్లు ఇసుకా ఒంటెలూ అనుకుంటారు గానీ మాది కొండల మీద ఊరు. చలికాలంలో పొద్దున్నే పొగమంచు కమ్మేసేది. స్కూలుకు వెళ్లే దారిలో ఒకచోట రోడ్డు కొండ అంచునే మెలికలు తిరుగుతూ దిగి మళ్లీ ఎక్కేది. ఆ మలుపుల దగ్గర కోతులు గుంపులుగా కూర్చుని, మా నాన్నకు జీతం ఎప్పుడొస్తుందో తెలిసినట్టు తీరిగ్గా మమ్మల్ని చూసేవి.

నేను చిన్న తరగతుల్లో ఉండగా నితాఖాత్ అనే మాట వచ్చింది. ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీ వాళ్లను పనిలో పెట్టుకోవాలి. పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. ఇంటికి చుట్టాలొచ్చినా, నాన్న స్నేహితులొచ్చినా ముందుగా మీది పచ్చనా ఎరుపా అని అడిగి ఆ తర్వాతే కూర్చునేవాళ్లు. అప్పుడు వెళ్లిపోయింది ఎక్కువగా ఒంటరిగా ఉండే మగవాళ్లు. అది మా పిల్లల దాకా రాలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా లెవీ వచ్చింది. వెంట తెచ్చుకున్న భార్యకూ, ఒక్కో పిల్లకూ తలకింత అని కట్టాలి, అది ఏటేటా పెరుగుతుంది. ఇంట్లో నేను కూడా ఒక తలనని నాకు అప్పుడే తెలిసింది. అన్నం తింటుంటే కూడా నాన్నకు భారమవుతున్నానేమో అనిపించేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇద్దరికి తప్ప.

ఆ ఇద్దరూ నా స్నేహితురాళ్లు. ఒకతె కేరళ పిల్ల, ఒకతె హైదరాబాదు పిల్ల. ఖమీస్‌లో ఆడపిల్లలం ఆ వయసుకు వచ్చాక ఒళ్లంతా కప్పే అబాయా వేసుకోకుండా గడప దాటేవాళ్లం కాదు, వేసుకున్నా ఒంటరిగా దాటేవాళ్లం కాదు. వీధిలో ఆడుకోవడం, కలిసి బజారుకు వెళ్లడం మాకు తెలియదు. మా స్నేహమంతా క్లాసులోనూ, వ్యాను ఆఖరి సీటులోనూ ఉండేది. ఆ సీటు మా ముగ్గురిది. కేరళ పిల్ల నెమ్మదస్తురాలు, లెక్కలు ఆమె పని. హైదరాబాదు పిల్ల ఒక్క క్షణం ఊరుకునేది కాదు. టీచర్లు నడిచినట్టు నడిచేది, ప్రిన్సిపాల్ దగ్గినట్టు దగ్గేది, వాళ్ల ఇంటి బిర్యానీ మాకు పెట్టి మా ఇంటి పచ్చిపులుసు సీసాతో సహా లాగేసుకునేది. ముగ్గురిలో ఒకరికి ఏడుపొస్తే మిగతా ఇద్దరూ నవ్వించేదాకా వదిలేవాళ్లు కాదు. నేను తల లెక్క సంగతి చెప్పినప్పుడు హైదరాబాదు పిల్ల నా తలను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, లోపల ఏమీ లేదు, నీకు డిస్కౌంట్ ఇస్తారులే అంది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించింది. అమ్మ వంద సార్లు నచ్చజెప్పినా జరగని పని అది.

ముందు కేరళ పిల్ల చాక్లెట్లు పంచింది. ఇద్దరం మిగిలాం కదా అని ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఎలాగో గట్టెక్కాం. రంజాన్ సెలవులు కాగానే హైదరాబాదు పిల్ల పంచింది. ఆ రోజు కూడా ప్రిన్సిపాల్‌లా దగ్గుతూనే పంచింది. నా దగ్గరికి వచ్చేసరికి దగ్గు ఆగిపోయింది. చాక్లెట్ ఇవ్వకుండా డబ్బా మొత్తం నా ఒళ్లో పడేసి ముందుకు వెళ్లి కూర్చుంది. ఆమెను ఒక పెద్ద కార్పొరేట్ స్కూలు హాస్టల్లో వేస్తారని, అక్కడ ఫోన్లు ఉండవని అప్పటికే తెలుసు.

ఆ తర్వాత ఆఖరి సీటులో నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఒక పక్క నా బ్యాగు, మరో పక్క నీళ్ల సీసా, లంచ్ సంచీ పెట్టుకునేదాన్ని. పిల్లలు తగ్గిపోయారని రెండు వ్యాన్లను ఒకటి చేశారు కాబట్టి ముందు సీట్లన్నీ కిక్కిరిసి ఉండేవి. అయినా ఎవరైనా వెనక్కి వస్తే నేను చూసే చూపుకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు. క్లాసులో కొత్తగా ఎవరైనా పలకరిస్తే మాట్లాడాలనిపించేది కాదు. ఎలాగూ పోయేవాళ్లే కదా, ఇప్పుడు కలుపుకోవడం ఎందుకు, మళ్లీ ఏడవడం ఎందుకు అనుకునేదాన్ని. ఇది నా ఒక్కదాని ఆలోచన కాదు, ఆ ఏడాది మా క్లాసులో చాలామంది అలాగే ఉన్నారు. పక్కపక్కనే కూర్చుని ఒకరి పేరు ఒకరు అడగని పిల్లల్ని నేను అక్కడే చూశాను.

కొన్నాళ్లకు డబ్బాలో అన్నం అలాగే ఇంటికి తిరిగి రావడం మొదలైంది. నిద్ర పట్టేది కాదు, పడితే లేవాలనిపించేది కాదు. జడ వేస్తుంటే జుట్టు కుచ్చులుగా అమ్మ చేతికి వచ్చేది. ఎప్పుడూ మంచి మార్కులు వచ్చే సోషల్‌లో తప్పాను. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. వాటిని మంటలో వేస్తే ఘాటు వచ్చిందా లేదా అని నాన్నతో వాదించింది. నాన్న మాత్రం ఇదంతా ఫోన్ వల్లేనని తేల్చి నా చేతిలో ఫోన్ తీసేసుకుని బీరువాలో పెట్టాడు. పాపం వాళ్ల తప్పు కాదు. మనసు బాగాలేకపోవడం అనేది ఒక జబ్బని, అది పదమూడేళ్ల పిల్లకు కూడా వస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు? వాళ్ల భయాలు వాళ్లవి. ఇంకో ఏడు ఉండగలమా అని వంటింట్లో నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్లు. నేను వెళితే ఆపేసేవాళ్లు.

నాకు చచ్చిపోవాలని ఉండేదని చెప్పలేను. లేకపోతే బాగుండు అనిపించేది. రెండూ వేరు అని అప్పుడు అనుకునేదాన్ని. అంత వేరేమీ కాదని ఇప్పుడు తెలుసు.

మా వ్యాను నడిపే ఆయనను అందరం కాక అనేవాళ్లం. కామారెడ్డి దిక్కు మనిషి. మా తెలంగాణ పిల్లలం చిన్నాన్న వరసన కాకా అంటే, మలయాళీ పిల్లలు అదే ఆయన పేరనుకుని కాకా అంకుల్ అని పిలిచేవాళ్లు. మంచివాడని ఎవరూ అనేవాళ్లు కాదు. పొద్దున్నుంచీ సణుగుడే. సీటు మీద కాళ్లు పెట్టారని సణుగుడు, బిస్కెట్ ముక్కలు రాల్చారని సణుగుడు, ఎవరి అమ్మ అయినా పిల్లను రెండు నిమిషాలు ఆలస్యంగా దింపితే ఆ రోజంతా అదే పాట. చాలా ఏళ్లు పనివాళ్లుండే లేబర్ క్యాంపులో ఉండి కంపెనీ బస్సు నడిపి, ఆ కంపెనీ ఎరుపులోకి పోతే స్కూలు వ్యానుకు వచ్చాడట. సాయంత్రం మా ఇల్లు దారిలో చివరిది. పిల్లలందరూ దిగిపోయాక ఆ రోడ్డు ఆఖరి మలుపుల మీద నేనూ ఆయనా మాత్రమే ఉండేవాళ్లం. నేను వెనక, ఆయన ముందు, మధ్యలో ఖాళీ సీట్లు.

ఒకరోజు అలా పోతుంటే బయట మంచు పట్టింది. రోడ్డు అంచు కనిపించడం లేదు. నేను ఏ ఆలోచనా లేకుండా, టైమెంతయింది అని అడిగినట్టే అడిగాను. "కాకా, వ్యాను గీ లోయల వడితె మనకు తెలుస్తదా?"

ఆయన సణగలేదు. అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. వ్యాను నెమ్మది చేసి, మలుపు దాటాక రోడ్డు పక్కకు ఆపాడు. సీసా ఎత్తి నీళ్లు తాగి, వెనక్కి వచ్చి నాకూ ఇచ్చాడు. నేను తాగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఏమైంది బిడ్డా అని కూడా అడగలేదు. తిరిగి వెళ్లి కూర్చుని, ఇల్లు వచ్చేదాకా అంతకుముందెప్పుడూ లేనంత నెమ్మదిగా నడిపాడు.

మగవాళ్లు మా మెట్లెక్కి వచ్చే అలవాటు లేదు. నాన్న ఇంట్లో లేనప్పుడు అసలే లేదు. ఆ రోజు కాక నా వెనకే పైకి వచ్చి, గుమ్మానికి దూరంగా నిలబడి అమ్మను పిలిచాడు. నన్ను లోపలికి పొమ్మన్నాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. అమ్మ లోపలికి వచ్చాక స్టవ్ ఆపేసి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టకుండా నా చేతిని పట్టుకుని, ఆ చేయి తనదో నాదో తెలియనట్టు చాలాసేపు నిమిరింది. ఆ రాత్రి నుంచి నా గదిలోనే పడుకుంది. నాన్న ఒక వారం రోజులు నాతో అతి మర్యాదగా మాట్లాడాడు. అది చూస్తే నాకు ఇంకా భయం వేసేది.

మర్నాడు వ్యాను ఎక్కేసరికి నా ఆఖరి సీటు లేదు. బోల్టులు విప్పి సీటు మొత్తం తీసేశాడు. ఆ చోట అట్టపెట్టెలు పేర్చి తాడుతో కట్టి ఉన్నాయి. ఎగ్జిట్ మీద పోయే కుటుంబాల సామాన్లను కార్గోకు చేర్చే పని కూడా ఒప్పుకున్నానని, ఇక వెనక చోటు లేదని అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అది నా ఒక్కదాని సీటా? మిగతా ఇద్దరిదీ కాదా? ఈయనెవరు తీసేయడానికి? కానీ ఆ కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది, అప్పట్లో నాకు అన్నీ అక్కడిదాకానే వచ్చేవి. ఇప్పుడు లెక్క చూసుకుంటే, చాలా రోజుల తర్వాత నాకు ఏదో ఒకటి గట్టిగా అనిపించింది ఆ రోజే.

డ్రైవరు వెనక సీటులో కిటికీ పక్కన ఒక పిల్ల ఉంది. ఆమె పక్కన కూర్చోమన్నాడు. ఆ పిల్ల మా క్లాసే, కాకినాడ దిక్కు. వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. అంతకుముందు వేరే ఊళ్లో ఉండేవాళ్లట. అక్కడి స్కూలు పిల్లలు చాలక మూతపడితే ఏడాది నడుమ మా దగ్గర చేరింది. ఒక్కొక్క స్నేహితురాలిని పోగొట్టుకున్న దాన్ని నేనైతే, మొత్తం బడినే పోగొట్టుకుని వచ్చింది ఆమె. క్లాసులో ఆమె గొంతు ఎవరూ విన్నట్టు లేదు. నేనూ ఆమెతో మాట్లాడింది లేదు.

కాక దిగి వచ్చి నా చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కవర్ల కట్ట పెట్టాడు. ఆ పిల్లకు వినబడకుండా అన్నాడు.

"గా నర్సమ్మ బిడ్డకు ఘాటు రోడ్డు మీద కక్కొస్తది. నడుపుకుంట నాకు ఎన్కకు సూసుడు అయితలేదు. జర నువ్వు సూసుకో బిడ్డా. సీటు ఖరాబైతే ఓనరు నన్ను బతకనియ్యడు."

సీటు కోసమే చెబుతున్నాడనుకున్నాను. ఆయన సంగతి తెలిసిందే కదా. ఆ రోజు నుంచి నాకు పొద్దునా సాయంత్రమూ అదొక డ్యూటీ. మలుపులు మొదలవగానే కవరు విప్పి పట్టుకుని ఆ పిల్ల మొహం వైపు చూస్తూ ఉండేదాన్ని. పెదాలు పాలిపోయాయా, కళ్లు మూసుకుంటోందా అని. విచిత్రం ఏమిటంటే ఆమె కూడా నన్నే చూస్తూ ఉండేది. ఆమె ఒళ్లో నీళ్ల సీసా, ఒక నిమ్మకాయ, రుమాలు ఉండేవి. తన కోసమే తెచ్చుకుందనుకునేదాన్ని. మాటలు లేవు. ఒకరి మొహం ఒకరం పరీక్షగా చూసుకుంటూ ఆ రోడ్డంతా పోయేవాళ్లం. చిన్న పిల్లలు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్లు.

వారాలు గడిచాయి. ఒక్కసారి కూడా వాంతి కాలేదు. అన్నం తిని వ్యాను ఎక్కితే ఎక్కువగా వాంతులవుతాయని ఎవరో అన్నారని, ఒకరోజు లంచ్‌లో ఏం తిన్నావు అని అడిగాను. అది ఆమెతో నా మొదటి మాట. ఆమె చెప్పి, నువ్వు తిన్నావా అని అడిగింది. తినలేదన్నాను. మర్నాడు ఆమె డబ్బా నా ముందు పెట్టి, తింటేగానీ వ్యాను ఎక్కనివ్వను అన్నట్టు కూర్చుంది. వాళ్లమ్మ చేసిన ఉప్మా అది, చల్లబడి ముద్దయిపోయింది. అందులో సగం తిన్నాను. ఎందుకు తిన్నానంటే, ఆ పిల్లను చూసుకునే బాధ్యత నా మీద ఉంది కాబట్టి ఆమెతో తగువు పెట్టుకోకూడదనుకున్నాను.

ఆఖరికి ఒక సాయంత్రం నేనే తెగించి అడిగాను, నీకు అసలు వాంతి ఎప్పుడవుతుంది అని. ఆమె కళ్లు పెద్దవి చేసింది.

"నాకెందుకవుద్ది? కళ్లు తిరిగి పడిపోయేది నువ్వు కదా? 'మీ అమ్మ నర్సు గదా, నీకు తెలుస్తది, ఆ పిల్లను నువ్వే చూసుకో' అని అంకుల్ నాకు చెప్పేడు."

నేను చేతిలో కవరు చూపించాను. ఆమె ఒళ్లో నిమ్మకాయ చూపించింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకోలేక నేను ముందున్న సీటుకు తల ఆనించి నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆ నీళ్లు నవ్వువి మాత్రమే కావు. హైదరాబాదు పిల్ల వెళ్లాక నేను నవ్వడం అదే మొదలు. కాక అద్దంలో చూసి, సీట్లు అదురుతున్నయి సప్పుడు చెయ్యకుండ్రి అని సణిగాడు.

మర్నాడు స్కూలు గేటు బయట వ్యాను ఇంకా కదలకముందు ఇద్దరం కలిసి ఆయన్ని నిలదీశాం. మా ఇద్దరికీ అబద్ధం చెప్పావు కదా అని. ఆయన సిగ్గుపడ్డట్టు స్టీరింగును గుడ్డతో తుడవసాగాడు. తుడుస్తూనే చెప్పాడు.

"క్యాంపుల గంతే బిడ్డా. ఎవడన్న మాట బందు వెట్టి గోడ దిక్కు మల్లి పండుకుంటుండంటే, వాని మంచం గుంజి నడిమిట్ల ఏస్తం. అటొకడు, ఇటొకడు. పొద్దుగాల లేసి రొట్టెలు జేసే పని వానికే అప్పజెప్తం. నువ్వు జెయ్యకుంటే మేం ఉపాసమే డ్యూటీకి వోతం అంటం. ఏమైందిరా అని మాత్రం అడుగం. అడిగితే ఏం చెప్తడు? వానికే ఎర్కలేదాయె."

నర్సమ్మ కూతురు ఊరుకోలేదు. అలా చేస్తే అందరూ బాగయిపోతారా అని అడిగింది. ఆ పిల్లకు ఏది అడగాలో తెలుసు. కాక గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఒక్కోపారి మంచం గుంజేసరికే లేటయితది," అన్నాడు. వ్యాను స్టార్ట్ చేశాడు.

నేను ఒక్కరోజులో బాగయిపోలేదు. ఇంకా చాలా పొద్దులు లేవడం కష్టంగానే ఉండేది. నర్సమ్మ మా అమ్మతో మాట్లాడి, తమ ఆసుపత్రిలో ఒక ఈజిప్టు డాక్టరమ్మకు నన్ను చూపించింది. ఆమె నాతో చాలాసేపు మాట్లాడి మందులు కూడా ఇచ్చింది. అవి వేసుకున్నాను, అదీ పనిచేసింది. కానీ పొద్దున లేవగానే ఆ పిల్ల నా కోసం వ్యానులో నిమ్మకాయ పట్టుకుని కూర్చుంటుందని, నేను లేకపోతే ఆమె ఒక్కతే అవుతుందని గుర్తుకొచ్చేది. దాని కోసం లేచేదాన్ని. ఇద్దరం ఎన్నో చెప్పుకున్నాం. ఎవరి కుటుంబం ముందు పోయినా ఆఖరి రోజు దాకా మాట్లాడుకోవాలని, ముందే మానేయకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పోయేవాళ్లే కదా అని వదిలేస్తే చివరికి మాట్లాడటానికి మనుషులే ఉండరని ఆమె అనేది.

ఆ ఏడాది చివర్లో ఒక పొద్దున వ్యానుకు వేరే డ్రైవరు వచ్చాడు. కాక ఎక్కడ అని అడిగితే ఉర్దూలో ఏదో చెప్పాడు, మాకు సగమే అర్థమైంది. వీసా ఇచ్చిన కఫీలు ఇకామా కొత్తది చేయించలేదని, దేశంలో ఉండనిచ్చే ఆ కాగితం లేకుండా బండి నడుపుతూ దొరికిపోతే కష్టమని, ఖురూజ్, అంటే ఎగ్జిట్ ముద్ర, కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోయాడని నాన్న చెప్పాడు. మాకెవరికీ చెప్పకుండా పోయాడు. ఆ తర్వాత ఆయన ఎక్కడున్నాడో తెలియలేదు. నా సంగతి ఏమైందో ఆయనకూ తెలియదు.

మరుసటి ఏడు మా వంతు వచ్చింది. నర్సమ్మ కూతురూ నేనూ ఆఖరి రోజు దాకా మాట్లాడుకున్నాం, విమానాశ్రయంలో కూడా మాట్లాడుకున్నాం. ఏడ్చాను, చాలా ఏడ్చాను. కానీ ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆమె నెలకోసారి ఫోన్ చేసి ఇప్పటికీ ముందుగా, తిన్నావా అని అడుగుతుంది.

జగిత్యాలకు వచ్చిన వారానికే హైదరాబాదు పోదామని అమ్మను పట్టుకున్నాను. నా పాత స్నేహితురాలిని చూడాలి. ఆమె హాస్టల్లో ఫోన్ లేదు, నా ఫోన్ ఎప్పుడో బీరువాలో పడి ఉంది, ఇన్నాళ్లూ ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. ఎన్ని దగ్గులు కొత్తగా నేర్చుకుందో చూడాలి. అమ్మ ఇవాళ, రేపు అంటూ వాయిదా వేసింది. నేను అలిగి అన్నం మానేశాను. అప్పుడు అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ పిల్ల లేదు. హాస్టల్లోనే చనిపోయింది. చుట్టాలకు జ్వరమని చెప్పారట. ఎలా అని నేను అడగలేదు, అమ్మ కూడా చెప్పలేదు.

ఎప్పుడు అని మాత్రం అడిగాను. నేను కవర్ల కట్ట పట్టుకుని నర్సమ్మ కూతురి మొహం చూస్తూ కూర్చున్న రోజుల్లో. అమ్మకు అప్పుడే కబురు తెలిసింది. నేను అప్పుడప్పుడే సగం డబ్బా ఖాళీ చేయడం మొదలుపెట్టానని, ఆ కబురు నాకు తెలిస్తే మళ్లీ తేరుకోనని, అమ్మ ఆ దుఃఖాన్ని ఏడాదికి పైగా ఒక్కతే దిగమింగుకుంది. నా ముందు నవ్వుతూ వడ్డించిన మనిషి వంటింట్లో ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలియదు. దాచినందుకు అమ్మ మీద కోపం రాలేదు. కోపం వచ్చింది ఆ పిల్ల మీద. మా ఇద్దరినీ నవ్వించేదాకా వదలని మనిషి, తనకు నవ్వు రానప్పుడు ఎవరికీ చెప్పలేదే అని. చెప్పడానికి అక్కడ ఎవరున్నారని తర్వాత ఆలోచించాను. అందరూ ఒకరితో ఒకరు ర్యాంకుల కోసం పోటీ పడే చోట, సౌదీ నుంచి వచ్చిందని, తెలుగు సరిగా రాయలేదని వెక్కిరించే చోట, ఆమె దగ్గు చూసి నవ్వేవాళ్లు ఎవరున్నారు?

నేను చదువు అయ్యాక ఆడపిల్లల కాలేజీలో పనికి చేరి, కొన్నేళ్లుగా హాస్టల్ వార్డెన్‌గా చేస్తున్నాను. కావాలనే అడిగి తీసుకున్న పని అది. కొత్త పిల్లలు చేరిన వారం తర్వాత గదుల్లోకి వెళ్లి ఊరికే చూస్తాను. గోడ వైపు తిరిగి పడుకునే పిల్ల ప్రతి ఏడూ ఒకతె ఉంటుంది. ఆమెను పిలిచి ఏమైందని అడగను. చీమలు పడుతున్నాయనో, సున్నం రాలుతోందనో ఒక వంక చెప్పి ఆమె మంచాన్ని నడుమకు జరిపిస్తాను. పక్క మంచం పిల్లకు పరీక్ష అంటే భయం, పొద్దున నువ్వే లేపాలి అని పని అప్పజెబుతాను. ఆ పక్క పిల్లకు కూడా అలాగే ఏదో ఒకటి చెబుతాను. అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకుపోతాను. చాలామంది తేరుకున్నారు. అందరూ కాదు.

ఒకసారి హైదరాబాదులో ఆ స్నేహితురాలి అమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. పెద్దావిడ అయిపోయింది. నన్ను గుర్తుపట్టి, పట్టుకుని వదల్లేదు. చాలాసేపు కూర్చున్నాను. నేను వెళ్లింది ఒక్క మాట అడగడానికి. ఆ హాస్టల్ గదిలో మీ అమ్మాయి మంచం ఎటువైపు ఉండేది, గోడ వారనా, మధ్యలోనా అని. ఆవిడ నా తల నిమురుతూ బాగున్నావా తల్లీ అని అడుగుతూనే ఉంది. నేను బాగున్నానని చెబుతూ, ఇచ్చిన టీ తాగి, ఆ మాట అడగకుండానే లేచి వచ్చేశాను.